దగ్గరి దూరాల ఓడకు ఏ ఇంధనం? ముందు రేవును చూడండి

ఓడకు కొత్త ఇంధనం ఎంచుకోవాలనుకునేవాళ్లు సాధారణంగా ఇంధనాల పట్టిక ముందేసుకుని కూర్చుంటారు. ఎల్‌ఎన్‌జీ (ద్రవంగా మార్చిన సహజ వాయువు), మిథనాల్, అమ్మోనియా, హైడ్రోజన్, బ్యాటరీ, పక్కన లాభనష్టాలు. ఖండాలు దాటే పెద్ద ఓడలకు ఆ పద్ధతి కొంతవరకు నడుస్తుంది. రెండు ఒడ్డుల మధ్య రోజూ తిరిగే ఫెర్రీకి, నాలుగైదు రేవులకు కంటైనర్లు పంచే ఫీడర్ ఓడకు, దీవులకు సరుకు మోసే చిన్న నౌకకు మాత్రం అది తలకిందుల లెక్క. వీటికి దారి మారదు, రేవులు మారవు, టైమ్‌టేబుల్ కూడా పెద్దగా మారదు. కాబట్టి ముందుగా తెలుసుకోవాల్సినవి మూడే: ఎంత దూరం వెళ్తుంది, రేవులో ఎంతసేపు ఆగుతుంది, ఆ రేవుకు ఎంత కరెంటు వస్తుంది. ఈ మూడూ తేలేసరికి పట్టికలో సగం పేర్లు వాటంతటవే ఎగిరిపోతాయి.

ఇప్పుడే ఎందుకంటే, ఓడ ఒకసారి నీళ్లలోకి దిగితే పాతికేళ్లు, ముప్పై ఏళ్లు తిరుగుతుంది. ప్రపంచ గ్రీన్‌హౌస్ ఉద్గారాల్లో ఓడల వాటా 3 శాతానికి దగ్గర. దాన్ని 2050 ప్రాంతానికి నికరంగా సున్నాకి తేవాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2023లో లక్ష్యం పెట్టుకుంది. అందుకు ప్రపంచమంతటికీ కార్బన్ ధర పెట్టే నిబంధన మాత్రం 2025 అక్టోబరులో ఓటింగ్ దాకా వచ్చి ఏడాది వాయిదా పడింది. ఐరోపా ఆగలేదు. 5,000 గ్రాస్ టన్నులు (ఓడ లోపలి పరిమాణానికి కొలత) దాటిన ఓడలు 2024 నుంచి తమ కార్బన్‌కు డబ్బు కడుతున్నాయి. మొదటి ఏడాది ఉద్గారాల్లో 40 శాతానికి, తర్వాతి ఏడాదికి 70 శాతానికి, 2026 నుంచి మొత్తానికి. అంటే ఈ రోజు ఆర్డర్ ఇచ్చే ఓడ తన జీవితంలో ఎక్కువ భాగం ఇంకా గట్టి నియమాల కింద గడపబోతోంది. డీజిల్ ఒక్కటే నమ్ముకుని కొత్త ఓడ కట్టించడం తెలివైన పని కాదు. తొందరపడి తప్పు ఇంధనానికి కట్టుబడిపోవడం కూడా అంతే.

బ్యాటరీ: వీలైతే ఇదే మొదటి ఎంపిక

దగ్గరి దూరానికి బ్యాటరీని మించింది లేదు. కారణం పర్యావరణం మీద ప్రేమ కాదు, లెక్క. గ్రిడ్ నుంచి తీసుకున్న కరెంటులో నాలుగింట మూడొంతులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, ప్రొపెల్లర్ దాకా చేరుతుంది. అదే కరెంటుతో హైడ్రోజన్ చేసి, దాన్ని మిథనాల్‌గానో అమ్మోనియాగానో మార్చి, ఇంజిన్‌లో కాలిస్తే చేరేది సుమారు నాలుగో వంతు. ఒకే ప్రయాణానికి మూడు రెట్ల కరెంటు కొనడం ఎవరికి ఇష్టం?

నార్వేలో ఆంపియర్ అనే కార్ల ఫెర్రీ 2015 నుంచి పూర్తిగా బ్యాటరీ మీద నడుస్తోంది. 120 కార్లు పడతాయి. దాటేది 6 కిలోమీటర్ల లోపు, పట్టేది 20 నిమిషాలు, ఒడ్డున ఆగేది 10 నిమిషాలు. అక్కడ చిక్కు ఓడతో కాదు, ఒడ్డుతో వచ్చింది. రెండు వైపులా చిన్న ఊళ్లే. అంత కరెంటు ఒక్కసారిగా లాగితే ఊరి లైను తట్టుకోదు. అందుకే ఒడ్డున కూడా బ్యాటరీలు పెట్టారు. ఫెర్రీ లేనప్పుడు అవి నెమ్మదిగా నిండుతాయి, వచ్చినప్పుడు గబగబా ఇచ్చేస్తాయి.

ఈ ఒడ్డు బ్యాటరీ సంగతి చాలామంది ప్లానింగ్‌లో వదిలేస్తారు. ఒక ఊహా లెక్క చూడండి. ఫెర్రీకి ఒక్కో దాటింపుకు 300 యూనిట్లు కావాలనుకుందాం. 10 నిమిషాల ఆగుదలలో కట్టుకోవడానికి, ప్లగ్ పెట్టడానికి, తీయడానికి పోగా 8 నిమిషాలు చార్జింగ్‌కు మిగులుతాయి. 8 నిమిషాల్లో 300 యూనిట్లు ఎక్కాలంటే 2,250 కిలోవాట్ల లైను కావాలి. అదే ఫెర్రీ ఆ ఒడ్డుకు గంటకోసారే వస్తుంది కాబట్టి ఒడ్డున బ్యాటరీ ఉంటే, ఆ గంట పొడుగునా సగటున 300 కిలోవాట్లు, నష్టాలు కలుపుకుని ఇంకొంచెం లాగితే చాలు. కొత్త సబ్‌స్టేషన్ కట్టడానికీ, ఉన్న లైనుతో సరిపెట్టుకోవడానికీ మధ్య తేడా ఇదే. కరెంటు సంస్థలు గరిష్ఠ డిమాండ్‌కు వేరుగా చార్జీ వేసే చోట నెలనెలా బిల్లులో కూడా ఈ తేడా కనిపిస్తుంది.

దూరం పెరిగేకొద్దీ కథ మారుతుంది. డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య 4 కిలోమీటర్ల హెల్సింగోర్-హెల్సింగ్‌బోర్గ్ దారిలో పెద్ద ఫెర్రీలను బ్యాటరీకి మార్చి, రోబో చేత్తో చార్జింగ్ చేస్తున్నారు. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో 2025లో నీళ్లలోకి దిగిన చీనా జొరిల్లా అనే ఫెర్రీలో ఏకంగా 40 మెగావాట్ అవర్ల బ్యాటరీ పెట్టారు. అది అర్జెంటీనా, ఉరుగ్వేల మధ్య రియో డి లా ప్లాటా దాటడానికి. కాబట్టి హద్దు ఏటేటా జరుగుతూనే ఉంది. అయినా ఒక హద్దంటూ ఉంది. 4 మెగావాట్లు వాడుతూ 12 నాట్ల (గంటకు 12 నాటికల్ మైళ్ల) వేగంతో 500 నాటికల్ మైళ్లు వెళ్లే ఫీడర్ ఓడకు సుమారు 42 గంటలు, 167 మెగావాట్ అవర్లు కావాలి. ఓడలో అమర్చిన బ్యాటరీ వ్యవస్థ కిలోకు 80 వాట్ అవర్లు ఇస్తుందనుకుంటే, రిజర్వు ఏమీ ఉంచుకోకుండానే 2,000 టన్నులు దాటుతుంది. డీజిల్ అయితే 31 టన్నులతో పని అయిపోతుంది. సరుకు మోయాల్సిన ఓడ బ్యాటరీని మోసుకుంటూ తిరగాలి.

మధ్యేమార్గం ఒకటుంది. చైనాలో యాంగ్‌త్సీ నది మీద 2024లో మొదలైన గ్రీన్ వాటర్ 01 అనే కంటైనర్ ఓడలో బ్యాటరీలే కంటైనర్ల రూపంలో ఉంటాయి. రేవులో క్రేన్‌తో ఖాళీవి దించి నిండినవి ఎక్కించుకోవచ్చు. ఓడ చార్జింగ్ కోసం ఆగక్కర్లేదు. క్రేన్ ఎలాగూ ఉండే కంటైనర్ రేవుల మధ్య ఇది బాగుంటుంది. అయితే ఒక్కో ఓడకు ఒకటిన్నర, రెండు సెట్ల బ్యాటరీలు కొనాలి, కాబట్టి ఒకే దారిలో చాలా ఓడలు తిరిగినప్పుడే గిట్టుబాటు.

భద్రత గురించి ఒక మాట. 2019 అక్టోబరులో నార్వేలో ఇట్టెరోయ్నింగెన్ అనే ఫెర్రీ బ్యాటరీ గదిలో మంటలు లేచాయి. ఆరాయనుకున్న మరుసటి రోజు పోగైన వాయువులతో పేలుడు జరిగింది. మొదలైంది శీతలీకరణ ద్రవం లీక్ దగ్గర. బ్యాటరీ అమ్మేవాళ్లను సామర్థ్యం గురించి అడిగేముందు గ్యాస్ బయటికి వెళ్లే దారి ఎక్కడ, ఒక సెల్ వేడెక్కితే పక్కదానికి పాకకుండా ఏం అడ్డు ఉంది, సిబ్బందికి, ఊరి అగ్నిమాపక దళానికి ఎవరు శిక్షణ ఇస్తారు అని అడగండి. పదేళ్ల దగ్గర బ్యాటరీ మార్చాల్సి వస్తుందని బడ్జెట్‌లో ముందే రాసుకోండి.

ఒడ్డు కరెంటు

ఏ ఇంధనం వాడే ఓడైనా రేవులో ఆగినప్పుడు లైట్లు, ఏసీలు, రిఫ్రిజిరేటెడ్ కంటైనర్లు, పంపుల కోసం జనరేటర్ నడుపుతుంది. ఊరి పక్కనే, ఊరు పీల్చే గాలిలోకే పొగ. ఒడ్డు నుంచి కేబుల్ తగిలించి జనరేటర్ ఆపేయడమే షోర్ పవర్. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ రేవు 2000లోనే ఫెర్రీలకు హై వోల్టేజ్ కనెక్షన్ ఇచ్చింది, లాస్ ఏంజెలిస్ 2004లో కంటైనర్ ఓడలకు ఇచ్చింది. ఐరోపాలో 2030 నుంచి పెద్ద రేవుల్లో కంటైనర్, ప్రయాణికుల ఓడలు దీన్ని వాడి తీరాలి.

రేవు యాజమాన్యం తరఫున ఆలోచించేవాళ్లు డబ్బు ఎక్కడ పోస్తున్నారో చూసుకోవాలి. సముద్రం మీద తిరిగే ఓడల్లో చాలావాటి కరెంటు 60 హెర్ట్జ్, ప్రపంచంలో ఎక్కువ దేశాల గ్రిడ్ 50 హెర్ట్జ్. మధ్యలో ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ కావాలి, ఖర్చులో పెద్ద ముక్క అదే. ఎప్పుడో ఒకసారి వచ్చే రకరకాల ఓడల కోసం అన్ని బెర్తుల్లోనూ (ఓడ కట్టేసే చోట్లలో) సాకెట్లు పెట్టడం కంటే, వారంలో పదిసార్లు వచ్చే అవే రెండు ఫెర్రీల బెర్తుకు పెట్టడం వంద రెట్లు మేలు. ఎన్నో రేవుల్లో రిబ్బన్ కత్తిరించిన సాకెట్లు బూజు పట్టి ఉన్నాయంటే కారణం, వాటిలో ప్లగ్ పెట్టాల్సిన ఓడలేవో ముందు లెక్క కట్టకపోవడం.

ఆ కరెంటు ఎక్కడిదన్నదీ అడగాలి. ఓడ జనరేటర్ ఒక్కో యూనిట్‌కు సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. బొగ్గు మీదే నడిచే గ్రిడ్ అంతకంటే ఎక్కువ వదులుతుంది. అలాంటి చోట షోర్ పవర్‌తో ఊరి గాలి బాగుపడుతుంది, వాతావరణానికి ఒరిగేదేమీ ఉండదు. బ్యాటరీ ఫెర్రీకీ అదే వర్తిస్తుంది. గ్రిడ్ ఏటేటా మెరుగవుతుంటే మాత్రం ఓడ దానంతటదే మెరుగవుతూ పోతుంది. ఈ సుఖం ఇంకే ఇంధనానికీ లేదు.

ద్రవ ఇంధనాలు

బ్యాటరీ అందని దూరాలకు ఉన్న ఓడను ఉన్నట్టే ఉంచి పని కానిచ్చేది హెచ్‌వీఓ. వాడేసిన వంట నూనె, జంతువుల కొవ్వు వంటివాటిని హైడ్రోజన్‌తో శుద్ధి చేసి తయారుచేసే డీజిల్ ఇది. ఇంజిన్ మార్చక్కర్లేదు, ట్యాంకు మార్చక్కర్లేదు, సిబ్బందికి కొత్త కోర్సు అక్కర్లేదు. చిక్కు దొరకడంలోనే ఉంది. ఐరోపాలో విమానాల ఇంధనంలో 2025 నుంచి 2 శాతం, 2030 నుంచి 6 శాతం సుస్థిర వనరులది కలపాలనే నియమం వచ్చాక, అదే నూనె కోసం విమాన కంపెనీలూ క్యూలో నిలబడ్డాయి. ఓడల కంపెనీల కంటే వాళ్లు ఎక్కువ ధర ఇవ్వగలరు. పైగా కొత్త పామాయిల్‌ను వాడేసిన నూనెగా అమ్మే మోసాల భయం ఒకటి. సర్టిఫికెట్ లేని సరుకు ముట్టుకోవద్దు.

దీనికంటే తేలిగ్గా దొరికేది మామూలు బయోడీజిల్, ఫేమ్ అంటారు. ఇది నీటిని పీల్చుకుంటుంది. ట్యాంకు అడుగున ఇంధనం, నీరు కలిసే పొరలో సూక్ష్మజీవులు పెరిగి జిగురు కడతాయి, ఓడ ఊగినప్పుడు ఆ జిగురు లేచి ఫిల్టర్లకు అడ్డం పడుతుంది. రోజూ కాలిపోయే మెయిన్ ట్యాంకులో ఇది పెద్ద సమస్య కాదు. నెలల తరబడి కదలకుండా ఉండే ఎమర్జెన్సీ జనరేటర్ ట్యాంకులో, లైఫ్‌బోట్ ఇంజిన్‌లో మాత్రం పోయకండి. అవసరం పడేది ఏళ్లకోసారే, ఆ రోజే స్టార్ట్ కాకపోతే ఇంకేముంది.

కొత్త ఓడ కట్టిస్తున్నవాళ్లకు, పెద్ద ఫెర్రీ ఇంజిన్ మారుస్తున్నవాళ్లకు నేను ముందు మిథనాల్ చూడమంటాను. మామూలు ఉష్ణోగ్రత దగ్గరే ద్రవంగా ఉంటుంది, చల్లబరచక్కర్లేదు, ఒత్తిడి అక్కర్లేదు. స్టెనా జెర్మానికా అనే పెద్ద ఫెర్రీని 2015లోనే మార్చి గోథెన్‌బర్గ్, కీల్ రేవుల మధ్య నడిపారు. 2023లో వచ్చిన లారా మేర్స్క్ 2,100 కంటైనర్ల ఫీడర్, సరిగ్గా మన చర్చలోని సైజు. పైన చెప్పిన 500 మైళ్ల ప్రయాణానికి డీజిల్ 31 టన్నులైతే మిథనాల్ 67 టన్నులు. పరిమాణంలో 37 ఘనపు మీటర్లకు బదులు 85. ట్యాంకు రెండింతలకు పైనే, కానీ ఫీడర్ ఓడ మూడు నాలుగు రోజులకోసారి నింపుకోగలదు కాబట్టి ఇది భరించగలిగిన బరువే. ఖండాలు దాటే ఓడకు ఉన్నంత ఇబ్బంది దీనికి లేదు.

మిథనాల్‌తో జాగ్రత్తలు వేరు. 11, 12 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి అంటుకుంటుంది, పట్టపగలు మంట కంటికి కనబడదు. అందుకే థర్మల్ కెమెరాలు, రెండు పొరల పైపులు, ట్యాంకులో నైట్రోజన్ పొర తప్పనిసరి. నీటిలో కలిసిపోతుంది కాబట్టి ఒలికితే నూనెలాగా తెట్టు కట్టి తీరానికి చేరదు.

అసలు మెలిక మిథనాల్ పుట్టుకలో ఉంది. ప్రపంచంలో తయారయ్యే మిథనాల్ దాదాపు అంతా సహజ వాయువు నుంచో బొగ్గు నుంచో వస్తోంది. అది పోసి నడిపితే మొత్తం లెక్కలో డీజిల్ కంటే అధ్వానం. గాలి, సౌర విద్యుత్తుతో చేసిన ఈ-మిథనాల్ కావాలి. డెన్మార్క్‌లోని కాస్సోలో 2025లో మొదలైన ప్లాంటు ఏడాదికి 42,000 టన్నులు తీస్తుంది, ధర డీజిల్‌కు ఎన్నో రెట్లు. అందుకని మిథనాల్, డీజిల్ రెండూ కాల్చే ఇంజిన్ పెట్టించుకుని, హరిత మిథనాల్ దొరికినంత వాడుకోవడం నేటికి ఆచరణలో ఉన్న దారి. ఓడ ఇంధనం ఎంత కార్బన్ వదలొచ్చో హద్దు పెట్టి, దాటితే జరిమానా వేసే ఐరోపా నియమాల్లో పునరుత్పాదక విద్యుత్తుతో చేసిన ఇంధనాన్ని 2033 చివరిదాకా రెండింతలుగా లెక్కిస్తారు. ధర భారాన్ని అది కాస్త తగ్గిస్తుంది.

ఎల్‌ఎన్‌జీ, అమ్మోనియా, హైడ్రోజన్

ఎల్‌ఎన్‌జీని పరిశుభ్రమైన ఇంధనమని ఇప్పటికీ అమ్ముతున్నారు. గంధకం, మసి తగ్గేది నిజమే. కార్బన్ డయాక్సైడ్ కూడా డీజిల్ కంటే పాతిక శాతం తక్కువ. కానీ దగ్గరి దూరాల ఓడల్లో ఎక్కువగా ఉండే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లలో, ఎల్‌ఎన్‌జీలో ముఖ్యభాగమైన మీథేన్ కొంత కాలకుండానే పొగగొట్టం నుంచి తప్పించుకుంటుంది. ఐరోపా నియమాలు దాన్ని 3.1 శాతంగా లెక్కిస్తాయి, నడిచే ఓడల మీద కొలిచినప్పుడు సగటు 6 శాతం దాటింది. మీథేన్ వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 30 రెట్లు వేడి పుట్టిస్తుంది, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్లకు పైనే. 3.1 శాతం అనుకున్నా వందేళ్ల లెక్కలోనే ఆ పాతిక శాతం లాభం దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది. 6 శాతమైతే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. ఇప్పటికే ఎల్‌ఎన్‌జీ ఓడ ఉన్నవాళ్లు దాన్ని పారేయక్కర్లేదు. తక్కువ లోడు మీద నడిపితే తప్పించుకునే వాటా పెరుగుతుంది కాబట్టి ఇంజిన్‌ను ఎక్కువ లోడు మీద నడపడం, దొరికితే బయోమీథేన్ (చెత్త, పేడ వంటివాటి నుంచి తీసిన మీథేన్) కలపడం చేయొచ్చు. కొత్తగా మాత్రం వద్దంటాను.

అమ్మోనియాలో కార్బనే లేదు, ఆ మేరకు ఆకర్షణ. గాలిలో 300 పీపీఎం (పది లక్షల భాగాల్లో 300) చేరితే ప్రాణాపాయం, ఆ మేరకు భయం. సరిగ్గా కాలకపోతే వచ్చే నైట్రస్ ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు వేడి పుట్టిస్తుంది. పెద్ద సరుకు ఓడల మీద, ఊరికి దూరంగా బంకరింగ్ (ఓడకు ఇంధనం నింపడం) చేసే చోట దీనికి భవిష్యత్తు ఉండొచ్చు. వందలమంది ఎక్కిదిగే ఫెర్రీలో, ఊరి మధ్యలో ఉన్న జెట్టీ దగ్గర దీన్ని తలపెట్టొద్దు.

హైడ్రోజన్ సంగతి ఒక్క ఉదాహరణ చాలు. నార్వేలో హైడ్రా ఫెర్రీ 2023లో ద్రవ హైడ్రోజన్‌తో నడవడం మొదలుపెట్టింది. సాంకేతికంగా పెద్ద విజయమే, మైనస్ 253 డిగ్రీల ద్రవాన్ని ఓడ మీద పెట్టుకుని తిరగడం మాటలు కాదు. ఆ హైడ్రోజన్ వచ్చేది మాత్రం జర్మనీ నుంచి, ట్యాంకర్ లారీల్లో. పక్కనే తయారీ ఉండి, బ్యాటరీకి అందని దూరమై, వేగంగా వెళ్లాల్సిన చిన్న పడవ అయితే ఆలోచించొచ్చు. అలాంటి దారులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంధనం మార్చకముందే చేయగలిగేది

వేగం 10 శాతం తగ్గిస్తే ఇంజిన్‌కు కావాల్సిన శక్తి పావు వంతుకు పైగా తగ్గుతుంది, అదే దూరానికి ఖర్చయ్యే ఇంధనం సుమారు 19 శాతం తగ్గుతుంది. దీనికి ఒక్క పైసా పరికరం అక్కర్లేదు. కావాల్సింది రేవు సహకారం. బెర్తు ఖాళీ లేదని తెలిసీ ఓడ పరుగున వచ్చి బయట లంగరేసి గంటలకొద్దీ జనరేటర్ నడుపుకుంటూ నిలబడడం రోజూ జరిగే తంతు. బెర్తు ఎప్పుడు దొరుకుతుందో ముందే చెబితే దారిలోనే నెమ్మదిగా రావొచ్చు. ఫెర్రీల్లో అయితే ఎక్కించే దించే సమయంలో రెండు నిమిషాలు ఆదా చేస్తే ఆ రెండు నిమిషాలు ప్రయాణానికి ఇవ్వొచ్చు. టికెట్ గేటు దగ్గర క్యూ తగ్గించడం కూడా ఇంధన పొదుపే అంటే నవ్వుతారు గానీ నిజం అంతే. గాలి బాగా వీచే దారుల్లో రోటర్ సెయిల్ (గాలి బలంతో ఓడను ముందుకు తోసే, గిరగిర తిరిగే నిలువు స్తంభం) కూడా కొన్ని శాతం ఇస్తుంది, జర్మనీ, డెన్మార్క్‌ల మధ్య తిరిగే ఒక హైబ్రిడ్ ఫెర్రీ మీద 4, 5 శాతం ఇచ్చింది.

మీ దారికి ఏది?

ఒక దాటింపు అరగంట లోపు, రోజంతా తిరుగుడే అంటే బ్యాటరీ, రెండు వైపులా ఒడ్డు బ్యాటరీ. ఇంకో ఆలోచన వద్దు. గంట, రెండు గంటల దూరమైతే బ్యాటరీ, చిన్న జనరేటర్ కలిపిన హైబ్రిడ్‌తో మొదలుపెట్టండి. రేవులోకి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు కరెంటు మీద, మధ్యలో హెచ్‌వీఓ మీద. తర్వాత బ్యాటరీ పెంచుకోవడానికి చోటు, కేబుల్ దారి, బరువు లెక్క ఇప్పుడే డిజైన్‌లో పెట్టించుకోండి. రాత్రంతా వెళ్లే ఫెర్రీకి, ఫీడర్ ఓడకి మిథనాల్-డీజిల్ ఇంజిన్, దానితో పాటు షోర్ పవర్ సాకెట్. పదిహేనేళ్లు దాటిన పాత ఓడ మీద ఇంజిన్ మార్పిడికి డబ్బు పోయకండి. వేగం తగ్గించి, అడుగు శుభ్రం చేయించి, దొరికినంత హెచ్‌వీఓ పోసి మిగతా రోజులు గడిపేయండి. రేవులోనే తిరిగే టగ్గులు, పైలట్ బోట్లు రాత్రికి అదే జెట్టీకి చేరతాయి కాబట్టి రేవు యాజమాన్యం కరెంటు ప్రయోగాలు వాటితో మొదలుపెడితే తప్పులు చవగ్గా తెలుస్తాయి.

ఒప్పందాల వరుస మీద మాత్రం పట్టుదలగా ఉండండి. షిప్‌యార్డ్‌తో సంతకం పెట్టేముందు కరెంటు సంస్థ నుంచి ఎన్ని మెగావాట్లు, ఏ తేదీకి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. ఓడ కట్టడానికి రెండేళ్లు పడితే సబ్‌స్టేషన్ అనుమతులకు అంతకంటే ఎక్కువే పట్టొచ్చు. మిథనాల్ వైపు వెళ్లేవాళ్లు సరఫరాదారుతో ఒప్పందంలో టన్ను ధరతో ఆగకుండా, ప్రతి డెలివరీకి మొత్తం ఉద్గారాల సర్టిఫికెట్ ఇవ్వాలనీ, హరిత సరుకు దొరక్క మామూలుది పంపితే ఆ తేడాకు పడే జరిమానా వాళ్లే భరించాలనీ రాయించుకోండి.